కార్డు పోస్టులో వచ్చింది, హోష్ ఎప్పుడొస్తుంది?

పోయిన నెల మా గల్లీలో ఒక ఇంటి నుంచి మిఠాయి డబ్బా వచ్చింది. పిల్లవాడు ఖురాన్ ఖతమ్ చేశాడేమో అనుకున్నా. లేదంటే పెద్దమ్మాయి నిస్బత్ కుదిరిందేమో అనుకున్నా. రెండూ కాదు. అబ్బాయికి పద్దెనిమిది నిండి ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిందట. డబ్బా చేతికిస్తూ వాళ్ల అబ్బా అన్న మాట ఇది: "అబ్ పోలీస్‌వాలోఁ కా డర్ నై, భాయ్‌సాబ్."

ఇక పోలీసుల డర్ లేదు. రోడ్డు డర్ గురించి ఒక్క ముక్క లేదు. లారీ డర్ లేదు, ఎదురుగా వచ్చే ముసలాయన డర్ లేదు. ఖాకీ బట్టల డర్ ఒక్కటే ఇన్నాళ్లూ ఉండేది, అది కూడా పోయింది, ముబారక్.

మన ఇళ్లల్లో లైసెన్స్ ఒక తావీజు. మెడలో కడితే బలాయ్ రాదన్నట్టు, జేబులో పెడితే చలాన్ రాదు. తావీజులో ఏం రాసి ఉందో ఎవరూ విప్పి చూడరు కదా, దీన్ని కూడా చూడరు. ఈరోజు నేను విప్పుతున్నాను. కొందరికి గుస్సా వస్తుంది, రానీయండి. ఇప్పటికే ఒక ఇంట్లో నాకు సలాం బంద్ అయింది. ఆ సంగతి కూడా దాచకుండా చెప్తాను.

ముందు ఆ ఎల్‌ఎల్‌ఆర్ సంగతి. అది నడపడానికి ఇజాజత్ కాదు, నేర్చుకోవడానికి ఇజాజత్. ఆరు నెలలు చెల్లుతుంది. అది చేతికొచ్చి 30 రోజులు గడవనిదే పక్కా లైసెన్స్ టెస్టుకు రానివ్వరు. 1989 నాటి సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో మూడో రూలు చదవండి. నేర్చుకునే మనిషి పక్కన పక్కా లైసెన్స్ ఉన్న మనిషి ఉండాలి. ఉత్తగా ఉండడం కాదు, అవసరమైతే బండి ఆపగలిగేలా కూర్చుని ఉండాలి. బండికి ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్రగా ఎల్ అక్షరం ఉండాలి. మోటార్ సైకిలైతే వెనక సీటు మీద నేర్పే మనిషి తప్ప ఇంకెవరూ కూర్చోకూడదు. దోస్తు కూర్చోకూడదు, చెల్లెలు కూర్చోకూడదు, మార్కెట్‌కు తీసుకెళ్లమన్న అమ్మీ కూడా కూర్చోకూడదు.

మన బస్తీల్లో ఎర్ర ఎల్ అతికించిన టూవీలర్ మీరు ఎన్నిసార్లు చూశారు? నేను నలభై దాటినవాడిని, రోజూ రోడ్ల మీద తిరిగే నౌకరీ నాది. వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఆ 30 రోజులు ఎందుకు పెట్టారో మనకు పట్టదు. దావత్‌లో బిర్యానీ దమ్ అయ్యేదాకా కుర్చీల్లో కూర్చున్నట్టు కూర్చుంటాం. దమ్ అవ్వాలంటే కింద బొగ్గులు కాలుతూ ఉండాలి మియా! నిప్పు లేకుండా మూత పెట్టి 30 రోజులు కూర్చుంటే మిగిలేది పచ్చి బియ్యమే. పెద్దవాళ్లెవరూ పక్కన కూర్చోలేదు, ఖాళీ మైదానంలో బ్రేక్ వేయించలేదు, వానలో నడిపించలేదు, రాత్రి ఎదుటి లైటు కళ్లలో పడితే ఏం చెయ్యాలో చెప్పలేదు. ముప్పై ఒకటో రోజు పొద్దున్నే దలాల్‌కు ఫోన్ మాత్రం చేస్తాం.

"కొత్త లైసెన్స్ ఎప్పటి నుంచి చెల్లుతుంది?" ఈ సవాల్ నన్ను చాలామంది అడుగుతారు. జవాబు సీదా సాదా. టెస్టు పాసైన నిమిషం నుంచి కాదు. కార్డు పోస్టులో ఇంటికొచ్చిన రోజు నుంచీ కాదు. ఆఫీసులో మంజూరై, నంబరు పడి, జారీ తేదీ పడుతుంది చూడండి, ఆ తేదీ నుంచి. ప్లాస్టిక్ కార్డు పది రోజులు ఆలస్యమైనా ఫర్వా లేదు, డిజిలాకర్‌లో కనిపించేది కూడా కానూన్ ముందు కాగితమే. తెలంగాణలో ఎం-వాలెట్ కూడా ఉంది. దోస్తు వాట్సాప్‌లో పంపిన ఫోటో మాత్రం కాగితం కాదు. ముప్పై ఏళ్లలోపు తీసుకుంటే నలభై నిండేదాకా రెన్యువల్ బాధ లేదు. కార్డు మీద ఏ రకం బండి రాసి ఉందో ఆ బండికే ఇజాజత్. కారు ఒక్కటే రాసి ఉంటే బుల్లెట్ ఎక్కకూడదు, బుల్లెట్ ఒక్కటే రాసి ఉంటే మాము వాళ్ల స్విఫ్ట్ ముట్టుకోకూడదు. ఆటో, క్యాబ్ నడిపి రోజీ సంపాదించే మనవాళ్లకు 2024 నవంబరులో సుప్రీం కోర్టు ఐదుగురు జడ్జిల బెంచి ఒక రాహత్ ఇచ్చింది. లైట్ మోటార్ వెహికల్ లైసెన్స్ ఉన్నవాళ్లు 7,500 కిలోలలోపు ట్రాన్స్‌పోర్ట్ బండ్లు కూడా నడపవచ్చని చెప్పింది. ఇన్సూరెన్స్ కంపెనీలు ఏళ్లకు ఏళ్లు ఆ పేరు మీద పేచీ పెట్టేవి.

ఇక పదహారేళ్ల మాట. "యాక్టివాకు గేర్లు లేవు, పదహారుకే చలేగా" అని ఖాలాలు, పుప్పులు అందరూ ముఫ్తీల్లా ఫత్వా ఇస్తారు. తప్పు. 1988 మోటారు వాహనాల చట్టం పదహారేళ్లవాళ్లకు ఇజాజత్ ఇచ్చింది 50 సీసీ మించని బండికి. యాక్టివా 110 సీసీ. టీవీఎస్ ఎక్స్ఎల్ వంద సీసీ. షోరూముల్లో 50 సీసీ బండి వెతికి పట్టుకురండి, నేను చాయ్ తాగిస్తా. గంటకు 25 కిలోమీటర్లు, 250 వాట్స్ మించని చిన్న బ్యాటరీ బండ్లకు లైసెన్స్ అక్కర్లేదు, నిజమే. పదో తరగతి పాసైన పిల్లవాడు అడిగేది అది కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

నేనేమైనా దూద్ కా ధులా అనుకోకండి. మా నల్లగొండలో ఉర్దూ మీడియం స్కూల్లో తొమ్మిదో జమాత్ చదివేటప్పుడే అబ్బా లూనా ఎక్కి తిరిగినవాణ్ణి. పద్దెనిమిదికి లైసెన్స్ తీసుకున్నాను, అదీ దలాల్ ద్వారా. ఆఫీసు బయట బండి దగ్గర చాయ్ తాగుతూ కూర్చున్నాను, లోపల నా పేరు మీద ఎవరు ఎనిమిది వేశారో నాకు ఇప్పటికీ మాలూమ్ లేదు. తర్వాత జర్నలిస్టునయ్యాను, బండి మీద ఎర్రగా ప్రెస్ అని రాయించాను. ఆ స్టిక్కర్ కూడా ఒక తావీజే. ఇంకో గునా కూడా ఒప్పుకుంటాను. మూడేళ్ల కింద మా గల్లీలోనే ఒక ఇంటి పెద్ద కొడుకు టెస్టు తప్పాడు. తప్పితే వారం ఆగి మళ్లీ వెళ్లాలి, మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. వాడి అమ్మీ వచ్చి బతిమాలింది. నేను తెలిసిన మనిషికి ఒక ఫోన్ కొట్టాను. పని అయిపోయింది. ఆవిడ నాకు దువాలు ఇచ్చింది. ఆ పిల్లవాడికి నేను చేసింది ఎహ్సాన్ కాదు, జుల్మ్. ఆ టెస్టు వాడికి మళ్లీ ఒక వారం నేర్చుకోమని చెప్పింది, నేను అడ్డుపడ్డాను.

సలాం బంద్ అయింది ఆ ఇంట్లోనే. చిన్న కొడుకు కథ అది. పేర్లు రాయను.

వాళ్ల అబ్బా జిద్దాలో డ్రైవర్. ఇరవై ఏళ్లుగా అక్కడే. చిన్నవాడు పదో తరగతి పాసయ్యాడు, వాడికి పదిహేనున్నర. తోహ్‌ఫా కావాలన్నాడు, జిద్దా నుంచి రూపాయలొచ్చాయి, కొత్త బండి వచ్చింది. రిజిస్ట్రేషన్ అమ్మీ పేరు మీద. ఆమెకు సైకిల్ కూడా రాదు. చలికాలం ఒక ఇత్వార్ పొద్దున, ఫజర్ అయ్యాక, ముగ్గురు పిల్లలు నహారీ తినడానికి బయలుదేరారు. పొగమంచు. మస్జిద్ మలుపు దగ్గర ఒక దర్జీ సాబ్ పాల ప్యాకెట్ పట్టుకుని ఇంటికి నడుస్తున్నారు. డెబ్బై ఏళ్ల మనిషి. మా ఇంట్లో మూడు తరాల షేర్వానీలు కుట్టిన చేయి అది. నేను ఆయన వెనక ముప్పై అడుగుల దూరంలో ఉన్నాను. బండి శబ్దం విన్నాను, తర్వాత పాలు రోడ్డు మీద చూశాను.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. ఇప్పుడు వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వస్తారు, కుర్చీలో కూర్చుని ఇషారాలతో నమాజ్ చదువుతారు. మిషన్ కాలితో తొక్కేది కదా, అది మూల పడింది.

ఆ రోజు మగ్రిబ్ తర్వాత పిల్లవాడి చచ్చా మా ఇంటికి వచ్చాడు. ఆయనకు లైసెన్స్ ఉంది. గాడీ తనే నడిపానని స్టేషన్‌లో చెప్తాడట. నేను కూడా ఆయన్నే చూశానని చెప్పాలట. "బచ్చే కీ జిందగీ కా సవాల్ హై, భాయీ" అన్నాడు. ఈ దేశంలో ఎన్ని యాక్సిడెంట్ కేసుల్లో ఇలా డ్రైవర్లు మారిపోతారో, ఏ బస్తీలో అడిగినా చెప్తారు. మన బస్తీలో దాన్ని సులహ్ అంటారు. నేను దాన్ని ఝూటీ గవాహీ అంటాను. ఐదు పూటలా నమాజుకు నిలబడే మనుషులు, ఆ నమాజు అయిన పది నిమిషాలకు, అదే దుప్పటి భుజాన వేసుకుని వచ్చి, అబద్ధపు సాక్ష్యం చెప్పమని అడుగుతున్నారంటే దాన్ని ఏమనాలి?

నేను చూసింది చూసినట్టు చెప్పాను. అప్పటి నుంచి ఆ ఇంట్లో నాకు సలాం లేదు. మా అమ్మీ వరసకు ఖాలా అయ్యే ఒక పెద్దావిడ ఫోన్ చేసి, "మగదిక్కు లేని ఇంటిని ముంచావు కదరా బేటా, పేపర్లో రాసుకునేవాడివి, కౌమ్ ఇజ్జత్ నీకు పట్టదా?" అని ఏడ్చింది. ఖాలాజాన్, దర్జీ సాబ్‌ది కూడా ఒక ఇల్లే. ఆయన కూడా కౌమ్‌లోని మనిషే. కాకపోయినా, ఆ తుంటి ఒక రెడ్డిగారిదో ఒక యాదగిరిదో అయినా, నేను చెప్పేది అదే.

వకీలు సాబ్ ఆ తల్లికి చెప్పిన మాటలు ప్రతి ఇంటి గోడకు అతికించాలి. 2019లో చట్టం మార్చారు. మైనర్ బండి నడిపి జుర్మ్ చేస్తే తల్లిదండ్రి లేదా బండి ఓనర్ జవాబ్‌దార్. మూడేళ్ల దాకా ఖైద్, 25,000 రూపాయల జుర్మానా. "నాకు తెలియకుండా తీసుకెళ్లాడు" అంటే, ఆ మాట రుజువు చేసుకోవాల్సింది మీరే. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లర్నర్ లైసెన్స్ కూడా ఇవ్వరు.

ఇరవై ఐదు. వాడి కల ఏమిటో తెలుసా? అబ్బాలాగా డ్రైవర్ వీసా మీద గల్ఫ్ వెళ్లడం. ఆ ఇంటి రోజీ అంతా స్టీరింగ్ మీదే నడిచింది. కేసు రుజువైతే ఆ స్టీరింగ్ వాడి చేతికి పదేళ్ల దాకా రాదు. తోహ్‌ఫా ఇచ్చి తండ్రే పిల్లవాడి చేతి నుంచి రోజీ లాక్కున్నాడు.

ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. ఉంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ దర్జీ సాబ్ కోసం ఉంది, మీ కోసం కాదు. 2004లో సుప్రీం కోర్టు స్వరణ్ సింగ్ కేసులో దారి చూపించింది. దెబ్బ తగిలినవాడు దిక్కులేకుండా పోకూడదు, కంపెనీ ముందు అతనికి కడుతుంది. లైసెన్స్ లేని చేతికి బండి ఇచ్చిన తప్పు ఓనర్‌దని తేలితే ఆ సొమ్ము ఓనర్ నుంచి వసూలు చేసుకుంటుంది. ఇక్కడ ఓనర్ ఎవరు? సైకిల్ కూడా రాని ఆ తల్లి. ఆమె గాజులు ఇప్పటికే ఒక జత తగ్గాయి, ట్రిబ్యునల్‌లో కేసు ఇంకా మొదట్లోనే ఉంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పాలసీలో ఓనర్-డ్రైవర్‌కు 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ అని ఉంటుంది. అది ఓనర్‌కు చెల్లే లైసెన్స్ ఉంటేనే. లైసెన్స్ లేని అమ్మీ పేరు మీద, జిద్దాలో ఉన్న అబ్బా పేరు మీద బండి కొని కొడుకు చేతికి ఇస్తే ఆ ఓనర్ కవర్ కొడుక్కి రాదు. నడిపేవాడి పేరు మీదే బండి ఉండాలి, వాడికి లైసెన్స్ వచ్చాకే బండి కొనాలి. లర్నర్ లైసెన్స్ మీద నడిపినా పాలసీ ఒప్పుకుంటుంది, కానీ మూడో రూలు పాటిస్తేనే అని అదే కాగితం మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. పక్కన మనిషి, ముందూ వెనకా ఎర్ర ఎల్. నేను పైన చెప్పిందే.

ఆ జిద్దా తండ్రి మీద నాకు కోపం కంటే హైరత్ ఎక్కువ. సౌదీలో ఇండియా లైసెన్స్ చూపిస్తే కుదరదని, డ్రైవింగ్ స్కూల్లో లైన్లో నిలబడి టెస్టు ఇచ్చి అక్కడి లైసెన్స్ తీసుకున్న మనిషి ఆయన. సిగ్నల్ దూకితే మూడు వేల రియాల్ నుంచి ఆరు వేల దాకా పోతాయని కలలో కూడా మర్చిపోడు. సాహెర్ కెమెరా పేరు చెబితే యాక్సిలరేటర్ మీద కాలు దానంతటదే లేస్తుంది. ఛుట్టీకి వచ్చినప్పుడు ఇక్కడి ట్రాఫిక్ చూసి "జాన్వర్ల లెక్క నడుపుతున్నరు" అని తిట్టేది కూడా ఈయనే. మరి అదే మనిషి, లైసెన్స్ లేని పదిహేనేళ్ల కొడుక్కి ఇక్కడ బండి ఎలా కొనిచ్చాడు? సౌదీ హుకూమత్ డర్ ఉంది, ఇక్కడి రోడ్డు మీద నడిచేవాడి హఖ్ గుర్తు లేదు. హుఖూఖుల్ ఇబాద్ అని తఖ్రీర్లలో వింటాం కదా, తోటి మనిషి హఖ్, అది రోడ్డు మీద కూడా నడుస్తుంది. వాకర్ పట్టుకుని.

"మౌత్ రాసి పెట్టి ఉంటే ఎక్కడున్నా వస్తుంది" అనేవాళ్లకు నా దగ్గర పెద్ద జవాబు లేదు. మరి ఇంటికి తాళం ఎందుకు వేస్తారు? బీపీ గోలీ ఎందుకు మింగుతారు? తక్‌దీర్ మీద అంత యఖీన్ ఉన్నవాళ్లు దుకాణం షట్టర్‌కు రెండు తాళాలు వేసి మూడుసార్లు లాగి చూస్తారు. తవక్కుల్ అంటే ముందు ఒంటెను కట్టేయడం అని మనకు నేర్పింది ఎవరో గుర్తు లేదా? 2022లో ఈ దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. ఆ ఒక్క సాల్‌లో హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. ఇవి కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కలు. పైవాడి మీద నింద వేసే ముందు ఆ యాభై వేల నెత్తులను లెక్కపెట్టండి.

జుమ్మా రోజు చూడండి. తెల్ల కుర్తా, అత్తరు, సుర్మా, నెత్తి మీద టోపీ, ఒక్కో బండి మీద ముగ్గురు. హెల్మెట్ పెడితే టోపీ నలుగుతుందట. చట్టంలో హెల్మెట్ నుంచి మినహాయింపు తలపాగా కట్టిన సిక్కులకు ఉంది, టోపీకి లేదు. టోపీ జేబులో పెట్టుకుని వెళ్లి మస్జిద్ మెట్ల మీద పెట్టుకోవచ్చు. నాలుగేళ్లు దాటిన పిల్లలకూ హెల్మెట్ ఉండాలి, వెనక కూర్చున్న బేగంకు కూడా. ఐఎస్ఐ గుర్తు, పక్కనే 4151 నంబరు చూసి కొనండి, రోడ్డు పక్క రెండు వందల డబ్బా కాదు. బురఖా అంచు, దుపట్టా చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రానికి గార్డు ఉండాలని కూడా రూలు ఉంది. స్టైల్ కోసం మెకానిక్ దగ్గర దాన్ని పీకించేది మన పోట్టేలే, తర్వాత అదే బండి మీద అమ్మీని ఒక పక్కకు కూర్చోబెట్టుకునేది కూడా వాళ్లే.

ఇప్పుడు పోలీసుల మాట. ఆపుతారు, ఎక్కువగా మన మొహల్లాల్లోనే ఆపుతారని మనవాళ్ల షికాయత్. గడ్డం చూసి, పేరు చూసి నువ్వు అనే నోరు నేనూ విన్నాను, ప్రెస్ కార్డు చూశాక మీరు అని మారిన అదే నోరు కూడా విన్నాను. చబూత్రా మీద కూర్చున్న పిల్లలను రాత్రిళ్లు స్టేషన్‌కు తీసుకెళ్లి కూర్చోబెట్టిన ముహిమ్ మీద ఆ రోజుల్లోనే రాశాను, ఇప్పుడు కూడా రాస్తాను. ఆ నా-ఇన్సాఫీ నిజం. కానీ పదిహేనేళ్లవాడి చేతికి తాళం ఇచ్చింది ఎస్సై కాదు. ఒక షికాయత్ నిజమైతే ఇంకో గల్తీ మాఫ్ అయిపోదు. పైగా మన చేతుల్లో కాగితాలు సాఫ్‌గా ఉంటేనే ఎదురు నిలబడి "ఎందుకు ఆపారు?" అని అడగగలం. లైసెన్స్ లేని పిల్లవాడిని వెనకేసుకొచ్చిన రోజున ఆ నోరు మూతపడుతుంది.

షబే బరాత్, షబే మేరాజ్ వస్తే హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లు మూసేస్తారు. ఎందుకో అందరికీ తెలుసు. ఇబాదత్ రాత్రి, ఖబరస్తాన్‌కు వెళ్లి పెద్దల కోసం ఫాతిహా చదివే రాత్రి, బైకుల రేసుల భయంతో బ్యారికేడ్లు పెట్టే రాత్రి అయింది. దీనికి ముస్లిం దుష్మన్‌లు ఎవరూ కారణం కాదు. సైలెన్సర్ పీకిన బండి మన ఇంటి ముందు నుంచే స్టార్ట్ అయింది, మనం కిటికీలోంచి చూశాం.

కూతుళ్ల సంగతికి వస్తే నాకు ఇంకా మంట. పదిహేనేళ్ల కొడుక్కి బండి ఇచ్చే ఇల్లే, ఇరవై మూడేళ్ల కూతురికి లైసెన్స్ వద్దంటుంది. బీఎడ్ చేసింది, ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్తుంది, పొద్దున్నే ఆటో కోసం నిలబడుతుంది, జీతంలో మూడో వంతు ఆటోవాడికే. తమ్ముడు దింపుతాడట! ఆ తమ్ముడికి లైసెన్స్ లేదు. బుర్రా నిదానం రెండూ ఉన్న పిల్లను లైసెన్స్ లేని పోట్టా వెనక కూర్చోబెట్టడం ఏ హయా, ఏ హిఫాజత్? సౌదీలో ఆడవాళ్లు స్టీరింగ్ పట్టుకోవడానికి 2018 జూన్ 24 నుంచి ఇజాజత్ వచ్చింది. జిద్దా రోడ్ల మీద బురఖాతో నడుపుతున్న ఆడవాళ్లకు సైడ్ ఇచ్చి వచ్చిన మన తండ్రులు, ఇక్కడ కూతురు స్కూటీ అడిగితే "లోగ్ క్యా బోలేంగే" అంటారు. లోగ్ దర్జీ సాబ్ కాలు విరిగినప్పుడు ఏం బోలారు? సులహ్ చేసుకోమన్నారు.

మా పెద్దమ్మాయికి ఈ సాల్ పద్దెనిమిది. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుంది. ఎర్ర ఎల్ నేనే అతికించాను, గల్లీ పిల్లలు నవ్వారు. ఇత్వార్ పొద్దున్న స్కూలు మైదానంలో వెనక సీటు మీద నేను కూర్చుంటాను. మొదటి వారం ఎక్సలేటర్ ముట్టనివ్వలేదు, బండి తోయడం, స్టాండు వేయడం, రెండు బ్రేకులూ కలిపి నొక్కడం, అంతే. "అబ్బా, మీకే సరిగ్గా రావట్లేదు" అంది ఒక రోజు. సచ్ బాత్. ముందు బ్రేక్ వాడాలంటే నాకు భయం, దలాల్ నాకు నేర్పలేదు కదా.

పక్కా లైసెన్స్ వచ్చాక కూడా నేను కొన్ని షరతులు పెట్టాను, మీరు కూడా పెట్టండి. చట్టం మన దేశంలో కొత్త డ్రైవర్‌కూ పాత డ్రైవర్‌కూ పెద్ద ఫరక్ చూపించదు. బ్రిటన్‌లో ఉన్న మన చుట్టాలను అడగండి. అక్కడ లైసెన్స్ వచ్చిన రెండేళ్లలోపు ఆరు పెనాల్టీ పాయింట్లు పడితే లైసెన్స్ పోతుంది, మళ్లీ మొదటి నుంచి లర్నర్‌గా మొదలుపెట్టాలి. ఇక్కడ ఆ పని ఇల్లే చెయ్యాలి. మొదటి ఆరు నెలలు ఇషా తర్వాత బండి బయటకు తీయకూడదు. హైవే ఎక్కకూడదు. వెనక ఫ్రెండ్స్‌ను ఎక్కించుకోకూడదు. నలుగురు దోస్తులు వెనక కేకలు వేస్తుంటే పెద్దవాడికే హోష్ పోతుంది, పిల్లలెంత? ఫోన్ సీటు కింద డిక్కీలో. నలభైలో పోయే బండి సెకనుకు పదకొండు మీటర్లు పోతుంది, అరవైలో దాదాపు పదిహేడు మీటర్లు. వాట్సాప్ చూడడానికి మూడు సెకన్లు తల దించితే అరవైలో యాభై మీటర్లు గుడ్డిగా పోయినట్టు. మా గల్లీ మొత్తం పొడవు అంతే. లారీ ఎడమ పక్క నుంచి దూరకూడదు, ఆ డ్రైవర్‌కు మీరు కనిపించరు. మొదటి వాన పడినప్పుడు రోడ్డు మీద నూనె పైకి తేలుతుంది, ఆ రోజు బస్సెక్కండి.

రెండు నెలల కింద మస్జిద్ కమిటీ దగ్గరికి వెళ్లాను. ఒక్క జుమ్మా, ఖుత్బా ముందు ఉర్దూ బయాన్‌లో ఐదు నిమిషాలు ఈ మాట చెప్పించండి అన్నాను. మైనర్లు తెచ్చిన బండ్లకు మస్జిద్ ముందు పార్కింగ్ లేదని ఒక బోర్డు పెట్టండి, ఖర్చు నాది అన్నాను. సదర్ సాబ్ గడ్డం నిమిరారు. "అచ్ఛీ బాత్ హై. లేకిన్ లోగ్ నారాజ్ హో జాయేంగే. దేఖేంగే" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు వాళ్ల మనవడు బయట బండి స్టార్ట్ చేశాడు. వాడు ఎనిమిదో తరగతి.

ఎనిమిది జుమ్మాలు గడిచాయి. దర్జీ సాబ్ కొడుకు బోర్డు రాయించి మా ఇంట్లోనే పెట్టి వెళ్లాడు, ఉర్దూలో, తెలుగులో. తలుపు వెనక నిలబెట్టి ఉంది. ఈ జుమ్మాకు దాన్ని చంకన పెట్టుకునే నమాజుకు వెళ్తున్నాను. సదర్ సాబ్ చదివితే చదువుతారు, లేదంటే మెట్ల పక్కన నేనే పట్టుకుని నిలబడతాను.